చిన్న బైనాక్యులర్ కొనేముందు దాని ప్రిజాన్ని పరీక్షించడం ఎలా?

దీపావళి వెళ్లిందంటే మా నెల్లూరు వైపు చెరువులకు కళ వస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టుకుంటాయి. పులికాట్ సరస్సులో మోకాలి లోతు నీళ్లలో రాజహంసలు బారులు తీరతాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ రెండూ కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా తెల్లారుజామునే సూళ్లూరుపేట రైలెక్కే నెల్లూరు వాళ్లు మాత్రం తగ్గలేదు. సరిగ్గా అప్పుడే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, చిన్నది, సంచిలో పట్టేది, మంచి బైనాక్యులర్ ఒకటి చెప్పు."

నేను కంపెనీ పేరు చెప్పను. ఎలా చూసి తీసుకోవాలో చెబుతాను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్కనే ఉన్న రెండు డబ్బాల్లో ఒకటి బాగుండి ఇంకొకటి బాగుండకపోవడం నేను కళ్లారా చూశాను. తక్కువ ధరవాటిలో ఇది ఇంకా ఎక్కువ. కాబట్టి మనం పరీక్షించాల్సింది మోడల్‌ని కాదు, మన చేతిలో ఉన్న ఆ ఒక్క పీసుని, ముఖ్యంగా దాని లోపల వెలుతురును తిప్పే గాజుముక్కని, అంటే ప్రిజాన్ని.

ఈ పట్టుదల నాకు ఊరికే రాలేదు. చాలా ఏళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో ఒక బుల్లి బైనాక్యులర్ కొన్నాను. స్టాల్ ముందు ఎదురుగా ఉన్న బోర్డు స్పష్టంగా కనిపించింది, అంతే, డబ్బులిచ్చేశాను. నేలపట్టు టవర్ ఎక్కి అరగంట చూసేసరికి కణతలు లాగడం మొదలైంది. రెండోసారీ అంతే. నా కళ్లలోనే లోపం ఉందనుకుని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించుకుని, కళ్లద్దాలు కూడా మార్చుకున్నాను. అసలు విషయం ఏడాది తర్వాత తెలిసింది. ఆ బైనాక్యులర్ రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడటం లేదు. ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందకి. రెండు బొమ్మలనూ కలపడానికి నా కళ్లు అంతసేపూ అవస్థ పడ్డాయి. ఆ లోపం కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాల పని నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు అంకెలు చదవడం నేర్చుకోవాలి

బైనాక్యులర్ మీద 8×25, 8×32, 10×42 అని ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు లెన్స్ వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి దానితో భాగించండి. వచ్చేది వెనక నుంచి మన కంట్లోకి దిగే వెలుతురు కట్ట మందం. 8×32కి 4 మి.మీ., 8×25కి సుమారు 3 మి.మీ., 10×25కి 2.5 మి.మీ., 8×42కి 5 మి.మీ. పైచిలుకు.

ఈ లెక్క ఎందుకంటే, మిట్టమధ్యాహ్నం మన కంటిపాప 2, 3 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. అప్పుడు 10×25 ఇచ్చే 2.5 మి.మీ. వెలుతురు సరిపోతుంది. కానీ పక్షులు మనకు బాగా కనిపించేది తెల్లారుజామున, పొద్దుగూకేటప్పుడు. అప్పుడు కంటిపాప 4, 5 మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది. బైనాక్యులర్ ఇచ్చేది 2.5 దగ్గరే ఆగిపోతుంది. బొమ్మ మసకబారుతుంది. పైగా కట్ట సన్నగా ఉంటే కన్ను కాస్త పక్కకు జరిగినా అంతా నల్లబడిపోతుంది. పడవలో కూర్చుని చూసేవాళ్లకు ఇది పెద్ద విసుగు.

కాబట్టి చిన్నది కావాలంటే నా ఓటు 8×32కి. సంచిలో పడుతుంది, అరకిలో, ఆపైన కాస్త బరువు ఉంటుంది, సాయంత్రం కూడా పనికొస్తుంది. నిజంగా చొక్కా జేబులో పెట్టుకోవాల్సిందే అంటే 8×25. 10×25 మాత్రం వద్దు. పది రెట్లు పెంచితే పక్షితో పాటు మన చేతి వణుకు కూడా పది రెట్లు పెరుగుతుంది. అంత తేలికపాటి వస్తువు చేతిలో నిలకడగా ఉండదు.

ఇక రోడ్డు పక్కనా, ఆన్‌లైన్‌లోనూ 60×60 అని రాసి అమ్మేవి ఉంటాయి. దాని మీదే 126 మీ/1000 మీ అని కూడా ఉంటుంది. అంటే కిలోమీటరు దూరంలో 126 మీటర్ల వెడల్పు కనిపిస్తుందని. కిలోమీటరు దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు 17.5 మీటర్లు. 126ని దాంతో భాగిస్తే 7.2 డిగ్రీలు. నిజంగా అరవై రెట్లు పెంచితే ఆ 7.2 డిగ్రీలు కంటికి 432 డిగ్రీలుగా కనిపించాలి. మన చుట్టూ తిరిగితే ఉండేదే 360. ఆ అంకెలు రాసినవాళ్లు లోపల ప్రిజం గురించి నిజం చెబుతారని నమ్మలేం. అలాంటిది చూస్తే డబ్బా కూడా తెరవకండి.

లోపల ప్రిజం చేసే పని

ముందు లెన్స్ ఏర్పరిచే బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారిపోయి ఉంటుంది. దాన్ని నిలబెట్టేది ప్రిజం. పైగా వెలుతురును లోపలే మడతపెట్టి తిప్పుతుంది కాబట్టి పొడుగు గొట్టం అవసరం లేకుండా పోతుంది. చిన్న వస్తువులో పెద్ద చూపు ఇమడ్చగలగడానికి కారణం ఈ మడతే.  

ప్రిజాలు రెండు రకాలు. ముందు లెన్స్‌లు ఎడంగా, కంటి దగ్గరవి దగ్గరగా ఉండే పాతకాలపు ఆకారం పోరో ప్రిజానిది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. రెండు గొట్టాలూ తిన్నగా ఉండేది రూఫ్ ప్రిజం. ఇంటి దూలం దగ్గర రెండు వాలు కప్పులు కలిసినట్టు ఇందులో రెండు గాజు తలాలు కలుస్తాయి, అందుకే ఆ పేరు. చిన్న బైనాక్యులర్లలో ఎక్కువ భాగం ఇవే.

రూఫ్ ప్రిజం అందంగా ఇమిడిపోతుంది గానీ దాన్ని బాగా చేయాలంటే ఖర్చు. రెండు కారణాలు చెబుతాను, ఎందుకంటే ధరలో తేడా ఇక్కడే పుడుతుంది.

పోరోలో వెలుతురు గాజు లోపలి తలాల మీద పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, ఏ పూతా అక్కర్లేదు. మామూలు రూఫ్ ప్రిజంలో ఒక తలం దగ్గర వెలుతురు అలా తిరగదు, బయటికి పోతుంది. అక్కడ అద్దం పూత వేయాలి. అల్యూమినియం పూత అయితే వెలుతురులో పదో వంతు వరకు అక్కడే పోతుంది. వెండి పూత అయితే నష్టం తక్కువ. డైఎలెక్ట్రిక్ అనే పొరలు పొరలుగా వేసే పూత అయితే 99 శాతం పైన తిరిగి వస్తుంది.

రెండోది ఇంకా సున్నితం. ఆ దూలం అంచు దగ్గర వెలుతురు రెండు సగాలుగా చీలి మళ్లీ కలుస్తుంది. కలిసేటప్పుడు రెండు సగాల అలలకూ అడుగు కలవదు. పల్లకీ మోసేవాళ్లలో ఇద్దరి అడుగు తప్పితే పల్లకీ ఎలా కుదుపుతుందో బొమ్మ అలా అయిపోతుంది. సన్నటి గీతలు, ఈక మీద చారలు చెదురుతాయి. దీన్ని సరిచేసే పూతే ఫేజ్ కోటింగ్. జైస్ కంపెనీ 1988లో దీన్ని బైనాక్యులర్లలోకి తెచ్చింది. ఇప్పుడు మధ్యరకం ధరవాటిలో కూడా వస్తోంది. డబ్బా మీద ఫేజ్ కోటెడ్ అని లేకపోతే దాదాపు లేదనే అనుకోండి. ఉంటే అది గొప్పగా చెప్పుకునే విషయమే కాబట్టి ఎవరూ దాచరు.

అందుకే తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లకు నేను పోరో తీసుకోమంటాను. అదే డబ్బుకు గాజు మెరుగ్గా వస్తుంది. కాస్త లావుగా ఉంటే ఉంది.

ప్రిజం గాజులో బీకే7, బీఏకే4 అని రెండు పేర్లు వింటారు. వెలుతురును వంచే గుణం బీకే7కి 1.517, బీఏకే4కి 1.569. వంచే గుణం తక్కువైతే అంచుల నుంచి వచ్చే వెలుతురు కొంత గాజు లోపల తిరగకుండా జారిపోతుంది. డబ్బా మీద ఏం రాసినా ఇది మన కంటికి దొరికిపోతుంది. ఎలాగో చెబుతాను.

దుకాణంలో చేయాల్సినవి

బైనాక్యులర్‌ని కంటికి పెట్టకండి. చేయి చాచి దూరంగా పట్టుకుని, వెలుతురున్న ఆకాశం వైపో తెల్ల గోడ వైపో తిప్పి, కంటి లెన్స్‌ల వైపు చూడండి. రెండు చిన్న వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. ఇందాక లెక్క కట్టిన 4 మి.మీ. ఇదే. ఆ చుక్క పున్నమి చంద్రుడిలా గుండ్రంగా, అంచు దాకా ఒకే తెలుపులో ఉండాలి. అంచులు చెక్కేసినట్టు నాలుగు పలకలుగా, పక్కల బూడిద నీడలతో ఉంటే ప్రిజం గాజు చవకది, లేదా ప్రిజాన్ని కావలసినదానికన్నా చిన్నది పెట్టారు. 8×32 అని రాసి ఉన్నా చుక్క 3 మి.మీ. మాత్రమే ఉంటే లోపల ఎక్కడో వెలుతురుకు అడ్డం పెట్టారని అర్థం. చుక్క పక్కనే స్కేలు పెట్టి చూడటానికి మొహమాటపడకండి.

తర్వాత ముందు లెన్స్‌లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ఒక గాజు తలానికి ఏ పూతా లేకపోతే పడిన వెలుతురులో 4, 5 శాతం వెనక్కి తిరిగిపోతుంది. ఒక్కో గొట్టంలో అలాంటి తలాలు పది దాకా ఉంటాయి, లెక్క వేసుకోండి. మంచి పూత ఉంటే ప్రతిబింబాలు మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటాయి. తెల్లగా మెరిసే ప్రతిబింబం కనిపించిందంటే ఆ తలానికి పూత లేదు. డబ్బా మీద ఫుల్లీ మల్టీ కోటెడ్ అని ఉండాలి. ఒట్టి మల్టీ కోటెడ్ అంటే కొన్ని తలాలకే అని, ఒట్టి కోటెడ్ అంటే ఏదో ఒకదానికి ఒక పొర అని. ముందు లెన్స్ కుంకుమలా ఎర్రగా మెరుస్తుంటే వదిలేయండి. ఎరుపు అంతా వెనక్కి పోయి, చూసినదల్లా నీలి పచ్చ రంగులో కనిపిస్తుంది.

ఫోన్ టార్చి వేసి ముందు లెన్స్ గుండా లోపలికి చూడండి. ఒకటి రెండు దుమ్ము రేణువులు ఫర్వాలేదు. సాలెగూడు లాంటి తెల్లటి దారాలు ఉంటే అది బూజు. జిగురు కారిన మరకలు, ప్రిజం అంచు పెచ్చులు ఊడటం ఉంటే పక్కన పెట్టేయండి. చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి, లోపల ఏదీ కదలకూడదు.

ఫేజ్ కోటింగ్‌ని కూడా దుకాణంలోనే పట్టుకోవచ్చు. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు, ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే చాలు. తెర మీద తెల్ల పేజీ తెరిచి, బైనాక్యులర్‌ని దాని వైపు పెట్టి, జానెడు వెనక నుంచి ఆ వెలుతురు చుక్కను చలవద్దాల గుండా చూస్తూ అద్దాలను మెల్లగా తిప్పండి. చుక్క మొత్తం ఒకేసారి చీకటై, ఒకేసారి వెలిగితే పూత ఉంది. నడిమికి గీత గీసినట్టు ఒక సగం చీకటిగా, ఇంకో సగం వెలుతురుగా కనిపిస్తే లేదు. మా మేనల్లుడు దీన్ని చూసి "మామా, చందమామను సగానికి కోసినట్టుంది" అన్నాడు. సరిగ్గా అలాగే ఉంటుంది. పోరో రకానికి ఈ పరీక్ష అక్కర్లేదు, దానికి ఆ సమస్యే లేదు.

మీ కంటికి అమర్చుకోవడం

ఇది చేయకుండా నాణ్యత తేల్చలేం. మంచి బైనాక్యులర్‌ని కూడా "మసగ్గా ఉంది" అని తిప్పి పంపినవాళ్లున్నారు.

నడుమ మడతను కదుపుతూ రెండు వలయాలూ ఒకే వలయంగా కలిసేదాకా సర్దండి. చిన్నవాటిలో చిక్కేమిటంటే పిల్లల కళ్ల మధ్య దూరానికి కొన్ని ముడుచుకోవు. ఇంట్లో అందరికీ అని కొనేటప్పుడు అందరి చేతికీ ఇచ్చి చూడండి.

తర్వాత కుడి కన్ను వైపు ముందు లెన్స్‌ను అరచేత్తో మూయండి. ఎడమ కంటితో దూరంగా ఉన్న అక్షరాలను చూస్తూ నడిమి చక్రంతో స్పష్టం చేయండి. ఇప్పుడు ఎడమ వైపు మూసి, చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గర ఉండే రింగును తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. మీ రెండు కళ్ల పవర్‌లో ఉన్న తేడా దాంతో సర్దుకుంటుంది. ఆ రింగు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. అది వదులుగా ఉండి సంచిలో తనంతట తనే తిరిగిపోయేదైతే రోజూ మొదటికి వస్తుంది, అలాంటిది వద్దు.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్ అనే అంకె చూడాలి. కంటి లెన్స్ నుంచి ఎంత దూరంలో కన్ను ఉన్నా మొత్తం వలయం కనిపిస్తుందో అది. 15, 16 మి.మీ. కన్నా తక్కువుంటే కళ్లద్దాలతో చూసినప్పుడు చుట్టూ కత్తిరించినట్టు నడిమి భాగమే కనిపిస్తుంది. రబ్బరు కప్పులు కిందికి దించి, మీ అద్దాలతోనే చూడండి. వలయం నల్లటి అంచు చుట్టూతా కనిపించాలి. నా మట్టుకు నేను మిగతా అన్నీ బాగున్నా ఈ ఒక్క కారణంతో రెండింటిని వదులుకున్నాను.

చెరువు గట్టు మీద

దుకాణం గోడల మధ్య అన్నీ బాగానే కనిపిస్తాయి. యజమానిని అడిగితే వీధిలోకి తెచ్చి చూడనిస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు తిప్పి పంపే గడువు ముగిసేలోపు ఒక సాయంత్రం బయటికి తీసుకెళ్లాల్సిందే. నేను స్వర్ణాల చెరువు గట్టుకు వెళ్తాను. రొట్టెల పండగ రోజుల్లో కాలు పెట్టే సందు దొరకదు గానీ మామూలు సాయంత్రాల్లో బారాషహీద్ దర్గా వైపు గట్టు ప్రశాంతంగా ఉంటుంది. నీళ్లు, తీగలు, తెల్ల కొంగలు, దూరంగా మేడలు, పరీక్షకు కావలసినవన్నీ ఒకే చోట ఉంటాయి.

మొదట నన్ను ఏడాదిపాటు ఇబ్బంది పెట్టిన ఆ లోపాన్ని పట్టే పరీక్ష. రెండు మూడు వందల మీటర్ల దూరంలో అడ్డంగా ఉన్న కరెంటు తీగ ఒకటి ఎంచుకోండి. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి తీగను స్పష్టం చేయండి. తర్వాత బైనాక్యులర్‌ని కదపకుండా తల మాత్రం మెల్లగా జానెడు వెనక్కి తీయండి. రెండు కళ్లకూ రెండు వేరు వేరు చిన్న వలయాలు కనిపిస్తాయి, రెండింటిలోనూ తీగ ఉంటుంది. ఒకదానిలో ఉన్న తీగను కొనసాగిస్తే రెండోదానిలోని తీగతో తిన్నగా కలవాలి. ఒకటి మెట్టు పైన, ఒకటి మెట్టు కింద ఉంటే గొట్టాల గురి తప్పిందని అర్థం. కుడి ఎడమల తేడాను కళ్లు కొంత సర్దుకోగలవు, ఎప్పుడూ చేసే పనే అది. పైకీ కిందికీ ఉన్న తేడాను సర్దుకోవడం వాటికి అలవాటు లేదు. అక్కడే తలనొప్పి మొదలవుతుంది. ఈ పరీక్షలో తప్పిన పీసుకు ఇంకే గుణమున్నా తీసుకోవద్దు, మార్చి ఇమ్మనండి.

పరీక్ష తప్పలేదనుకుంటే పది నిమిషాలు ఆపకుండా చూసి, ఠక్కున కిందికి దించి దూరంగా మామూలు కళ్లతో చూడండి. ఒక్క క్షణం రెండుగా కనిపించి కలుసుకున్నట్టు అనిపిస్తే చిన్న లోపం ఇంకా ఉంది.

తర్వాత తెల్ల కొంగ. ఆకాశం నేపథ్యంగా కరెంటు స్తంభం మీద కూర్చున్నది దొరికితే ఇంకా మంచిది. దాని మెడ అంచును చూడండి. ఒక పక్క ఊదా, ఇంకో పక్క పసుపుపచ్చ సన్నటి అంచు కట్టినట్టు కనిపిస్తే లెన్స్ అన్ని రంగులనూ ఒకే చోట కలపలేకపోతోంది. వలయం చివర్లో కాస్త ఉండటం మామూలే. నట్టనడుమ కూడా కొట్టొచ్చినట్టు ఉంటే ఆ గాజు బాగాలేదు. ఈడీ గాజు అని రాసి ఉన్నవాటిలో ఇది తక్కువగా ఉంటుంది, ఉండాలి కూడా.

కొంగను నడుమ ఉంచి స్పష్టం చేశాక మెల్లగా వలయం అంచుకు జరపండి. ఎక్కడ మసకబారడం మొదలైంది? నడుమ నుంచి అంచుకు మూడింట రెండు వంతుల దాకా నిలిస్తే చిన్న బైనాక్యులర్‌కు చాలా మంచిది. సగం దగ్గరే కరిగిపోతే ఎగిరే పక్షిని వెంబడించడం కష్టం. పెన్నా వంతెన మీద నుంచి రంగనాయకులస్వామి గాలిగోపురాన్ని చూసినా ఇది బాగా తెలుస్తుంది. దాని అంతస్తుల గీతలు ఎక్కడ మసకబారుతున్నాయో దొరికిపోతుంది.

ఒకసారి నేను గట్టు మీద ఇలా ఒక్కో తీగనూ చూస్తుంటే గొర్రెలు మేపుకొస్తున్న పెద్దాయన ఆగాడు. "ఏందబ్బయా, చూస్తుండావు? ఆడ ఏవుంది?" అన్నాడు. చేతికిచ్చాను. ఆయన తీగనూ కొంగనూ చూడలేదు. నీళ్ల మధ్య ఒక ఎండుకొమ్మ వైపు తిప్పి, కాసేపు చక్రం తిప్పుకుని, "లకుముకి పిట్ట నోట్లో చేప ఇంకా కొట్టుకుంటా ఉంది" అన్నాడు. తీసుకుని చూస్తే నిజమే. నీలం రెక్కల మీద వెలుతురు, ముక్కుకు అడ్డంగా వెండి చేప, అది తోక ఆడించడం. గురి కుదిరి, నడుమ భాగం పదునుగా ఉన్న బైనాక్యులర్ అంటే అదీ, మొదటిసారి పట్టుకున్న మనిషికి కూడా వెతుక్కోకుండా కనిపించాలి.

చక్రం సంగతి కూడా అక్కడే చూసుకోండి. దగ్గర తుమ్మచెట్టు నుంచి దూరపు గట్టుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. దిక్కు మార్చినప్పుడు చక్రం కాస్త ఖాళీగా తిరిగి అప్పుడు పట్టుకుంటుంటే పళ్లు వదులు. అది రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. మీ కాళ్ల దగ్గర తూనీగ కూడా స్పష్టంగా కనిపించాలంటే 2, 3 మీటర్ల దగ్గర కూడా కుదరాలి. అది ఇష్టాన్ని బట్టి.

సూర్యుడు పడమట దిగుతుండగా అటు పక్కనే, నీడలో ఉన్న చెట్టును చూడండి. బొమ్మ మీద పాలు పోసినట్టు తెల్లటి పొర కమ్మితే లోపల నల్లరంగు సరిగా వేయలేదు. ప్రిజం చుట్టూ ఉన్న లోహం మెరుస్తోంది. చాలా బైనాక్యులర్లు ఓడిపోయేది ఇక్కడే. ఒక హెచ్చరిక: సూర్యుడి వైపు నేరుగా బైనాక్యులర్ ఎప్పుడూ పెట్టకండి, క్షణం కూడా. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజు మనవాళ్లు మేడలెక్కి చూస్తారు. పగటి పూట ప్రయోగమైతే సూర్యుడు ఏ పక్కనున్నాడో ముందే చూసుకుని, పిల్లల చేతికి అప్పుడు ఇవ్వకండి. కంటి లోపలి పొర కాలిపోతే నొప్పి కూడా తెలియదు, చూపు తిరిగి రాదు.

పొద్దుగూకే వేళ

ఇంకో అరగంట ఆగండి, అసలు తేడా అప్పుడు బయటపడుతుంది. వీలైతే స్నేహితుడి బైనాక్యులర్ ఒకటి పక్కన ఉండాలి, అదే సైజుది. ముదురు ఆకుల మధ్య ఒక కొమ్మను ఎంచుకుని రెండింటితో మార్చి మార్చి చూడండి. అల్యూమినియం పూతకూ డైఎలెక్ట్రిక్ పూతకూ ఉన్న తేడా మధ్యాహ్నం ఎవరికీ తెలియదు. సూర్యుడు దిగిన ఇరవై నిమిషాలకు ఒకదానిలో కొమ్మ మీద గువ్వ కాస్త తేటగా ఉంటుంది, ఇంకోదానిలో కాస్త మసకగా ఉంటుంది. తెల్లటి గోడను కూడా చూడండి. కొన్ని దాన్ని పసుపుగా చూపిస్తాయి. గూడబాతు రెక్కల బూడిదరంగు సరిగా తెలియాలంటే తెలుపు తెల్లగానే ఉండాలి.

మన సముద్రపు గాలికి

మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వైపు తిరిగేవాళ్లకు ఉప్పుగాలి, ఉక్కపోత పెద్ద శత్రువులు. లోపల నైట్రోజన్ నింపి, రబ్బరు రింగులతో బిగించినవి కొనండి. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని అర్థం. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ బయట ఆవిరి పట్టడం మామూలే, రెండు నిమిషాల్లో పోతుంది. లోపలి వైపు పడితే బిగింపు పోయింది.

ఇంట్లో తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. ఆ చీకటి, ఆ తేమ బూజుకు అచ్చివచ్చే చోటు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీరంగుకు మారితే తేమ నిండినట్టు. సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలానికి వస్తాయి. బియ్యం డబ్బాలో పెట్టమనే సలహా వినకండి, ఆ పిండి దుమ్ము సందుల్లోకి పోతుంది.

లెన్స్‌ను కండువా కొంగుతో తుడిచే అలవాటు మానాలి. ఒడ్డు ఇసుక రేణువు లెన్స్ మీది పూత కన్నా గట్టిది. మన గూడూరు, చిల్లకూరు తీరంలో తవ్వే తెల్ల ఇసుకతోనే గాజు చేస్తారు, అదే ఇసుక ఆ గాజును గీరేస్తుంది. ముందు గాలి బుడ్డితో ఊది, మెత్తటి కుంచెతో దులిపి, ఆ తర్వాత నోటి ఆవిరి పట్టించి మైక్రోఫైబర్ గుడ్డతో నడుమ నుంచి బయటికి తుడవండి. బీచ్ నుంచి వచ్చిన రోజు పైతొడుగును తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

కొన్నప్పుడు బిల్లు తీసుకోండి. ఆన్‌లైన్ అయితే డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంచండి. గురి తప్పిన పీసు తిప్పి పంపేటప్పుడు "వాడి పాడు చేశారు" అనే మాట రాకుండా ఉంటుంది. రెండు గొట్టాల గురిని ఇంట్లో స్క్రూలు విప్పి సరిచేయాలని చూడకండి. విప్పితే నైట్రోజన్ పోతుంది, గ్యారంటీ కూడా పోతుంది.

ఇవన్నీ దాటిన బైనాక్యులర్‌తో నేలపట్టు టవర్ ఎక్కండి. గూళ్ల దగ్గరికి వెళ్లకుండా, గట్టిగా మాట్లాడకుండా, దగ్గరగా కనిపించే ఒక గూడబాతును ఎంచుకోండి. దాని పై ముక్కు అంచు వెంట నీలి బూడిద రంగు మచ్చలు వరసగా ఉంటాయి. అవి ఒక్కొక్కటి విడివిడిగా కనిపిస్తే మీ ప్రిజం దాని పని అది చేస్తోంది.